చాబీ ఎవరి దగ్గరుంది?

'మేం' అని మొదలుపెడుతున్నాం కాబట్టి మేమెవరమో ముందే చెప్పుకోవాలి. ఇలాంటి సంకలనాల్లో 'మేం' అంటే మొత్తం కౌమ్ అని అర్థం చేసుకోవడం రివాజైపోయింది. మా 'మేం' అంత పెద్దది కాదు. ముగ్గురం మగవాళ్ళం. ఇద్దరిది ఆదోని, ఒకరిది ఎమ్మిగనూరు. ఆదోనిలో బి.ఏ. చదివాం. ఉర్దూలో అక్షరాలు దిద్దుకుని తెలుగులో పొట్టపోసుకుంటున్నవాళ్ళం. రాసే చెయ్యి ఒకటే, తప్పొప్పులు ముగ్గురివీ. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, బళ్ళారి వైపు చుట్టాలొస్తే కన్నడం. 1953 దాకా మా ఊళ్ళు బళ్ళారి జిల్లావే. ఆ జిల్లాలోనూ అంచునే ఉన్నాం, ఈ కర్నూలు జిల్లాలోనూ అంచునే ఉన్నాం. వాకిళ్ళ గురించీ బీగాల గురించీ మాకు పట్టింపు ఎక్కువ కావడానికి అదొక కారణం కావచ్చు.

కొంతకాలంగా చదువుకున్నవాళ్ళ మాటల్లో ఒక బెంగ వినబడుతోంది. పాత ఇంటర్నెట్ బాగుండేదట. అప్పుడు నాలుగైదు కంపెనీల పెత్తనం లేదట. ఎవరి పేజీ వాళ్ళదేనట. ప్రకటనలు వెంటపడేవి కావట, ఎవరేం చదవాలో యంత్రం తేల్చేది కాదట, మనుషులు మనుషుల్లా మాట్లాడుకునేవారట.

ఈ బెంగకు తెలుగులోనూ ఒక చరిత్ర ఉంది. తొంభైల్లో అమెరికా యూనివర్సిటీల్లో ఉన్న తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్ మీద 'సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు' అనే చర్చావేదిక నడుపుకున్నారు. కంప్యూటర్‌లో తెలుగు లిపి సరిగ్గా కనబడని రోజులవి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చే పద్ధతిని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేశారు. 1998లో 'ఈమాట' పత్రిక వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో 'లేఖిని' వచ్చాక కీబోర్డు నేర్చుకోనివాళ్ళు కూడా తెలుగులో రాయగలిగారు. ఆ రోజుల్లోనే 'కూడలి' అనే చోట, ఎవరి బ్లాగులో ఏం కొత్తగా రాశారో ఒకే పుటలో కనబడేది. కూడలి ఎవరి రాతనూ తనదని చెప్పుకోలేదు. దారి చూపించేది, అంతే. ఆ తర్వాత ప్రపంచమంతటా ఒక్కో సత్రం మూతబడుతూ వచ్చింది. 2009లో జియోసిటీస్, 2013లో గూగుల్ రీడర్, 2014లో ఆర్కుట్, 2020లో యాహూ గ్రూప్స్. మూతబడిన ప్రతిచోటా జనం రాసుకున్న ఉత్తరాలున్నాయి.

ఆ పాతవాళ్ళను వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. ఇవాళ ఈ వ్యాసం తెలుగులో టైపు చెయ్యగలుగుతున్నామంటే వాళ్ళు జీతం లేకుండా నిద్ర మేలుకుని చేసిన చాకిరీ ఇందులో ఉంది. కానీ ఒక మాట అడగాలి. మనిషికి బెంగ దేనిమీద ఉంటుంది? చేతిలో ఉండి పోయినదాని మీద. ఆ ఊళ్ళో మాకు సెంటు జాగా ఎన్నడూ లేనప్పుడు, ఊరు పాడైపోయిందని మేమెందుకు ఏడవాలి?

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మొదలుపెట్టింది. అదీ పెద్ద నగరాల్లో. మా ఆదోనికి అది రెండువేల సంవత్సరం అటూ ఇటూగా, ప్లైవుడ్ అరల రూపంలో వచ్చింది. గంటకు ముప్ఫై రూపాయలు. ముగ్గురం చెరో పదీ వేసుకుని ఒకే అరలో ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. ఒకడికి కుర్చీ, ఇద్దరు నిలువుకాళ్ళ మీద. చాట్ గదిలోకి పోగానే అడిగే ప్రశ్నలు తెలిసినవే. వయసెంత, ఆడా మగా, ఏ ఊరు. ఆ తర్వాత పేరు. మా ముగ్గురికీ కలిపి ఒకటే పేరు పెట్టుకున్నాం. కిరణ్. ఆ పేరు పెట్టుకోమని మాకెవరూ చెప్పలేదు. చెయ్యి తనంతట తనే కొట్టింది.

కిరణ్‌కు చాలామంది స్నేహితులయ్యారు. హైదరాబాదు నుంచి ఒకాయన, న్యూజెర్సీ నుంచి ఇంకొకాయన. ఘంటసాల గురించి, శ్రీశ్రీ గురించి, ఉగ్గాని బజ్జీల గురించి గంటలు గంటలు. ఉగ్గాని అంటే తెలియనివాళ్ళకు మరమరాలు ఎలా నానబెట్టాలో కిరణ్ ఓపిగ్గా చెప్పాడు. 2002 మార్చిలో, గుజరాత్ తగలబడుతున్న రోజుల్లో, అదే గదిలో అదే స్నేహితులు మా గురించి మాట్లాడుకున్నారు. కిరణ్ తమవాడే కదా అని మనసు విప్పి మాట్లాడారు. 'వాళ్ళకు అలాగే కావాలి' అన్న మాట కొట్టింది ఉగ్గాని గురించి నోరూరించుకున్న చేతివేళ్ళే. మరి మేమేం చేశాం? ఏమీ చెయ్యలేదు. గంట నిండడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆ ఇరవై నిమిషాలూ కూర్చుని, డబ్బులిచ్చి, బయటికొచ్చాం. కిరణ్ మళ్ళీ ఆ గదిలోకి పోలేదు.

1993లో న్యూయార్కర్ పత్రికలో పీటర్ స్టైనర్ అనే ఆయన ఒక కార్టూన్ వేశాడు. కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్న ఒక కుక్క కింద కూర్చున్న ఇంకో కుక్కతో, ఇక్కడ మనం కుక్కలమని ఎవరికీ తెలియదులే అంటుంది. పాత ఇంటర్నెట్ అభిమానులకు ఆ బొమ్మంటే ప్రాణం. పేరడగని లోకం, కులమూ మతమూ కనబడని లోకం అని దానికి భాష్యం చెబుతారు. పేరు దాచుకోగలగడం స్వేచ్ఛే, కాదనం. దాచుకోక తప్పకపోవడం కూడా స్వేచ్ఛేనా? హైదరాబాదులోనో బెంగుళూరులోనో అద్దె ఇంటి కోసం ఫోను చేసి చూడండి. పేరు చెప్పేదాకా ఇల్లు ఖాళీగానే ఉంటుంది. పేరు చెప్పగానే 'నిన్ననే ఇచ్చేశామండీ' అంటారు. ఎంత మర్యాదగా అంటారంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకదు. అక్కడ కిరణ్ పనికిరాడు, అగ్రిమెంటు కాగితం మీద అసలు పేరు రాయాలి. పాత ఇంటర్నెట్‌లో కాగితం అడగలేదు కాబట్టి మాకు ఇల్లు దొరికింది. దాన్ని ఇల్లు దొరకడం అనాలా, దొంగచాటుగా దూరడం అనాలా?

ఇంకో సంగతి. పాత యూజ్‌నెట్ జనం 1993 సెప్టెంబరును 'ముగియని సెప్టెంబరు' అని పిలుచుకుంటారు. ఏటా సెప్టెంబరులో అమెరికా కాలేజీల్లో కొత్త పిల్లలు చేరి ఆ వేదికల మీదికొచ్చి, పద్ధతులు తెలియక అల్లరి చేసేవాళ్ళు. నెల తిరిగేసరికి సర్దుకునేవాళ్ళు. అమెరికా ఆన్‌లైన్ లాంటి కంపెనీలు తమ చందాదారులందరికీ తలుపు తీశాక కొత్తవాళ్ళు రావడం ఇక ఆగలేదు. పద్ధతి తెలియని మంద వచ్చిపడి ఊరు చెడిపోయింది అన్నది పాతకాపుల ఫిర్యాదు.

మా సెప్టెంబరు 2016లో వచ్చింది. ఆ నెల 5న జియో మొదలైంది, తొలి నెలలు ఉచితం. జిన్నింగ్ మిల్లు కూలీలు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే ముసలివాళ్ళు, గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోయిన కోసిగి కుటుంబాలు, గడప దాటని మా అమ్మలు, ఖాలాలు, అందరూ ఒక్కసారిగా వచ్చిపడ్డారు. రాయడం రానివాళ్ళు గొంతు పంపారు. పెళ్ళి ఫొటోలు, వంటలు, దువాలు, నాటు వైద్యాలు, పుకార్లు, అన్నీ ఒకే మూటలో. చదువుకున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. ఇంటర్నెట్ చెడిపోయిందన్నారు. ఈ మంద ఎవరు? మావాళ్ళే. పాత ఇంటర్నెట్ మీద బెంగలో కొంత భాగం, మా అమ్మ రాకముందు బాగుండేదన్న బెంగ. ఆ భాగాన్ని మేం పంచుకోలేం. మా అమ్మ చేతికి ఫోను రావడం వెనక ఎవరి పెద్దమనసూ లేదు, వ్యాపారమే ఉంది. తెలుసు. అంతకుముందు ఫేస్‌బుక్ వాళ్ళు పేదలకని చెప్పి ఎంపిక చేసిన కొన్ని సైట్లు మాత్రమే ఉచితంగా తెరిచే పథకం తెచ్చారు. 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ ఒక్కో సైటుకు ఒక్కో ధర కుదరదని దాన్ని ఆపింది. పేదోడికి అర తలుపు చాలులే అనుకున్నవాళ్ళూ, మంద వచ్చి చెడగొట్టిందన్నవాళ్ళూ మాకు ఒకే ఇంటివాళ్ళలా కనబడతారు.

ఉర్దూ సంగతి వేరే చెప్పాలి. తెలుగు లిపి కోసం తెలుగువాళ్ళు పడ్డ పాట్లే ఉర్దూకూ ఉన్నాయి, ఇంకాస్త ఎక్కువగా. ఇన్‌పేజ్‌లో కంపోజ్ చేసిన పేజీని బొమ్మగా మార్చి ఎక్కించేవాళ్ళు. కళ్ళకు నస్తాలీఖ్ అందంగా కనబడేది, కానీ అందులో ఒక్క మాట వెతకాలన్నా దొరికేది కాదు. బొమ్మకు అక్షరాలు తెలియవు కదా. ఈలోగా మా ఊరి పిల్లలకు ఉర్దూ లిపే దూరమైంది. ఇంట్లో దక్కనీ మాట్లాడతారు, దాన్ని తెలుగు అక్షరాల్లో రాస్తారు. ఉర్దూ పండితులు దాన్ని ఉర్దూ అనరు, తెలుగు పండితులు దాన్ని తెలుగు అనరు.

మేం చేసిన పని ఆ భాషకోసమే. పదేళ్ళ కిందటి మాట. ఒక పెద్ద కంపెనీ ఇచ్చిన ఉచిత జాగాలో ఒక పేజీ తెరిచాం. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల దక్కనీ మాటలను తెలుగు లిపిలో పోగెయ్యడం దాని పని. పీర్ల పండగలో పాడే పాటలు, నానీల తిట్లు, సామెతలు, వంటిల్లు మాటలు. ముసలివాళ్ళ గొంతులు ఫోనులో పట్టి ఎక్కించేవాళ్ళం. సుగ్గికి పోయిన పిల్లలు కూడా రాత్రిపూట గుంటూరు నుంచి ఒక తిట్టో సామెతో పంపేవాళ్ళు. 2019 చివర్లో ఒక పొద్దున లేచి చూస్తే పేజీ లేదు. నియమాలు ఉల్లంఘించారట. ఏ నియమం, ఏ రాత, ఎవరు ఫిర్యాదు చేశారు, ఏదీ చెప్పలేదు. నానీ తిట్టును ఏ యంత్రమో విద్వేషం అని చదువుకుందేమో. అభ్యంతరం చెప్పుకోవాలంటే లోపలికి పోవాలి. లోపలికి పోయే దారే మూసేశారు. ఆ గొంతుల్లో రెండు, అప్పటికే మట్టిలో కలిసిపోయినవాళ్ళవి. వాటికి ఇంకో ప్రతి మా దగ్గర లేదు. అది మా బుద్ధితక్కువ. మా ముగ్గురిలో ఒకరి నానీ అనేది: 'కిరాయే కా ఘర్ కిరాయేకాచ్ రహ్తా.' కిరాయి ఇల్లు ఎప్పటికీ కిరాయి ఇల్లే. మేం కిరాయి కూడా కట్టలేదు. కట్టినవాడికైతే ఖాళీ చెయ్యమని ముందు ఒక నోటీసైనా ఇస్తారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దేశమంతా ఇంకో బీగం గురించి మాట్లాడుకుంది. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతాను ఆ కంపెనీ మూసేసింది. ఆయన పెట్టుకున్న బొమ్మ ఏమిటంటే, 1936లో జర్మనీలో ఒక ఓడల కర్మాగారంలో అందరూ హిట్లర్ సెల్యూట్ కొడుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డ ఒక్క కార్మికుడి ఫొటో. నాజీలకు చెయ్యెత్తని మనిషి బొమ్మ విద్వేషమైంది! అదే నవంబరులో, దళిత బహుజన రచయితల ఖాతాల పట్ల ఆ కంపెనీ వివక్ష చూపిస్తోందని దిలీప్ మండల్ లాంటివాళ్ళు పెద్ద గొడవ చేశారు. ఆ కోపంలో వేలమంది భారతీయులు మాస్టొడాన్ అనే ఇంకో చోటికి వెళ్ళారు. కొన్ని వారాల్లోనే చాలామంది వెనక్కి వచ్చేశారు. అక్కడ వినేవాళ్ళు తక్కువ, సందడి తక్కువ. 2022 అక్టోబరులో ట్విట్టర్‌ను ఎలాన్ మస్క్ కొన్నాక, ఈసారి ప్రపంచమంతటి నుంచీ, లక్షలమంది అదే దారి పట్టారు. వాళ్ళలోనూ వెనక్కొచ్చినవాళ్ళే ఎక్కువ.

ఆ చోటు ఎలాంటిదో చెప్పాలి. జర్మనీలో ఉండే యూజెన్ రోచ్కో అనే యువకుడు 2016లో దాన్ని తయారుచేసి, ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశాడు. అది ఒక భవనం కాదు. ఇల్లు కట్టే పద్ధతి. ఎవరి సర్వర్ వాళ్ళు పెట్టుకోవచ్చు. సర్వర్ అంటే ఎప్పుడూ మేలుకుని ఉండే ఒక కంప్యూటర్, అంతకంటే బ్రహ్మవిద్య కాదు. ఒక ఇంట్లో ఉన్నవాళ్ళు ఇంకో ఇంట్లో ఉన్నవాళ్ళతో మాట్లాడుకోవచ్చు. ఒక కంపెనీ ఈమెయిల్ నుంచి ఇంకో కంపెనీ ఈమెయిల్‌కు ఉత్తరం పోవడం లేదా? అలాగన్నమాట. ఇళ్ళ మధ్య నడిచే ఈ బాటకు 'యాక్టివిటీపబ్' అని పేరు పెట్టి 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. ఏ ఇంటి కట్టుబాట్లు ఆ ఇంటివి. నచ్చని ఇంటికి తలుపు మూసుకోవచ్చు. మూసుకున్నా బాట మీద నడిచే హక్కు ఎవరిదీ పోదు.

ఎమ్మిగనూరులో పెరిగినవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. మాచాని సోమప్ప అక్కడ 1938లో చేనేత సహకార సంఘం పెట్టాడు. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. సంఘం లేని చోట నేతగాడి బతుకు ఎలా ఉంటుంది? సావుకారు నూలు ఇస్తాడు, నేసిన బట్ట తీసుకుపోతాడు, కూలి ఎంతో ఆయనే తేలుస్తాడు. మగ్గం నీదే, చెయ్యి నీదే, ఇల్లు నీదే, బట్ట మాత్రం నీది కాదు. పెద్ద కంపెనీల దగ్గర మేం ఇన్నేళ్ళు చేసింది ఇదే కూలినేత. ఇంకా కనాకష్టం, నూలు కూడా మేమే తెచ్చుకున్నాం. మా నానీల తిట్లు, మా పాటలు, మా ముసలివాళ్ళ గొంతులు. సంఘంలో నేతగాడికి వాటా ఉంటుంది, ఓటు ఉంటుంది. సంఘమంటే స్వర్గమని అనడం లేదు. అక్కడా తగాదాలుంటాయి, లెక్కలు తేలవు, ఎన్నికల్లో ఒక గుంపు ఇంకో గుంపును తన్నుతుంది. తన్నుకోవడానికైనా ఒక గది, ఒక మినిట్సు పుస్తకం ఉన్నాయి. కంపెనీతో తన్నుకోవడానికి గుమ్మమే లేదు.

మేం కూడా ఇల్లు కట్టుకుందాం అనుకున్నాం. ఒక మిత్రుడి కొడుకు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నెలకు వెయ్యి రూపాయల లోపు అద్దెకు ఒక సర్వర్ తీసుకుని మాస్టొడాన్ ఎక్కించి ఇచ్చాడు. అదీ కిరాయిదే కదా అంటారు. కిరాయిదే. కానీ ఇంట్లో సామానుకు రోజూ ఒక ప్రతి మా దగ్గరికి వస్తుంది. ఈ ఇంటాయన పొమ్మంటే ఇంకో ఇంట్లో దింపుకుంటాం. నలభై మంది చేరారు. తలా పాతికో యాభైయో. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సు చార్జీ కంటే ఎక్కువేం కాదు.

ఇక్కడే మా మిత్రులు కొందరు ఒక ప్రశ్న వేశారు. తెలుగువాళ్ళు, ప్రగతిశీలురు, మా మేలు కోరేవాళ్ళే. 'మళ్ళీ మీవాళ్ళంతా ఒకచోట చేరుతున్నారా? ప్రధాన స్రవంతిలో ఉండి కొట్లాడాలి గాని, వేరే కుంపటి ఎందుకు? ఇది డిజిటల్ ఘెట్టో కాదా?' ఈ ప్రశ్న మాకు పాతదే. మీరంతా కోట కింద ఆ సందుల్లోనే ఎందుకుంటారు అని చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. సందు బయట ఇల్లు అద్దెకివ్వరు, సందులో ఎందుకున్నారని అడుగుతారు.

ఘెట్టో అన్న మాట వెనిస్ నుంచి వచ్చింది. 1516లో ఆ నగరం తన యూదులను ఒక చిన్న దీవిలో ఉండమంది. పగలు బయటికి పోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. రాత్రి కాగానే తలుపులు మూసి కాపలా పెట్టేవాళ్ళు. కాపలావాళ్ళ జీతం లోపలున్న యూదులే కట్టాలి! మొహల్లాకు, ఘెట్టోకు తేడా లోపల ఎవరున్నారన్నది కాదు. రెండింట్లోనూ ఒకే రకం మనుషులు ఉండొచ్చు. బీగం ఏ వైపు ఉంది, చాబీ ఎవరి దగ్గరుంది అన్నదే తేడా. ఆ లెక్కన మమ్మల్ని అర్ధరాత్రి బయటికి నెట్టి, మా గొంతులను లోపలే ఉంచి బీగం వేసిన ఆ పెద్ద వేదికే ఘెట్టోకు దగ్గర. కాపలా ఖర్చు కూడా మేమే కట్టాం, ప్రకటనలు చూసి.

అలాగని సొంత చాబీ ఉంటే మంచే జరుగుతుందనుకునే అమాయకులం కాదు. అమెరికాలో విద్వేషం నూరిపోసే 'గ్యాబ్' అనే వేదిక 2019 జులైలో ఇదే మాస్టొడాన్ సాఫ్ట్‌వేర్ మీదికి మారింది. చాలా సర్వర్లు దానికి తలుపు మూసేశాయి. మూసినా అది తన ఇంట్లో తాను నడుస్తూనే ఉంది. ట్రంప్ కంపెనీ 2022లో తెచ్చిన 'ట్రూత్ సోషల్' కూడా ఆ సాఫ్ట్‌వేర్‌తో కట్టిందే. పనిముట్టుకు మతం లేదు. మన దేశంలో 2021 జులైలో ఎనభై మందికి పైగా ముస్లిం స్త్రీల ఫొటోలు వాళ్ళ ఖాతాల్లోంచే ఎత్తుకొచ్చి, 'వేలం' అని పెట్టి ఒక యాప్ చేశారు. 2022 జనవరి 1న, కొత్త సంవత్సరం కానుకలాగా, ఇంకోటి. జర్నలిస్టులు, విద్యార్థినులు, అడ్వకేట్లు. చేసినవాళ్ళు చదువుకున్న కుర్రాళ్ళు, వాళ్ళలో కొందరిని ఆ జనవరిలో అరెస్టు చేశారు. ఆ తర్వాత మా ఊళ్ళలో ఎందరో ఆడపిల్లలు తమ ఫొటోలు తీసేశారు, పేర్లు తీసేశారు. మా నలభై మందిలో పదకొండుమంది స్త్రీలు. వాళ్ళు మా దగ్గరికి వచ్చింది సాంకేతికం చూసి కాదు. ఇక్కడ తెలిసినవాళ్ళుంటారని, భద్రంగా ఉంటుందని వచ్చారు.

ఇక చెప్పకుండా ఉంటే బాగుండుననిపించే భాగం.

ఆ పదకొండుమందిలో ఒక అమ్మాయిది ఎమ్మిగనూరు. ప్రైవేటు బడిలో పంతులమ్మ. తెలుగు లిపిలో దక్కనీ ఆమె రాసినంత చక్కగా మాలో ఎవరూ రాయలేరు. ఒక రోజు ఆమె ఒక జాబితా పెట్టింది. తమ సందులో గత ఐదేళ్ళలో జరిగిన నికాలు, ఒక్కోదానికి ఇచ్చిన 'జోడే కీ రఖమ్' ఎంత, బండి ఏది, ఫ్రిజ్ ఏది, మెహర్ ఎంత రాశారు. పేర్లు లేవు. ఇల్లు నంబర్లూ లేవు. 'నీళ్ళ కుళాయి పక్కిల్లు', 'పచ్చ గేటు ఇల్లు' అని ఉంది. రఖమ్ లక్షల్లో, మెహర్ వేలల్లో. కింద ఒక్క వ్యాఖ్య కూడా రాయలేదు. వట్టి జాబితా.

సాయంత్రానికి మాకు ఫోన్లు మొదలయ్యాయి. పెద్దమనుషులు, మమ్మల్ని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళు, మేం చాచా, మామూ అని పిలిచేవాళ్ళు. ఎవరూ బెదిరించలేదు. 'బేటా, అబద్ధమని మేం అనడం లేదు. ఇప్పుడా ఇది? బయటివాళ్ళ చేతికి కత్తి ఇస్తామా?' అన్నారు. ఆ మాట మాకూ తెలియనిది కాదు. 2019లో తలాక్ చట్టం వచ్చినప్పుడు మా ఆడవాళ్ళ కన్నీళ్ళ మీద ఎవరెవరు సానుభూతి ఒలకబోశారో చూశాం. మా ముగ్గురిలో ఒకరి చెల్లెలి పెళ్ళి ఆ జాబితాలో ఉంది. పచ్చ గేటు ఇల్లు. ఇదీ చెప్పాలి.

రాత్రి పదకొండింటికి తీసేశాం.

ఎంత తేలికో! ఒక మీట నొక్కితే చాలు. ఎప్పుడో మా పేజీ మీద ఎవరో నొక్కిన మీట కూడా ఇంత మెత్తగానే ఉండి ఉంటుంది. మేం మర్యాదస్తులం కాబట్టి ఆమెకు ఉత్తరం రాశాం. కౌమ్ పరిస్థితి వివరించాం, సమయం కాదన్నాం, నువ్వు రాసింది నిజమే అని కూడా రాశాం. ఆమె నుంచి రెండు ముక్కల జవాబొచ్చింది. 'భాయ్, కంపెనీవాడు కారణం చెప్పకుండా తీసేశాడు. మీరు కారణం చెప్పి మరీ తీసేశారు.'

మా ముగ్గురికీ ఆ తర్వాత చాలా రోజులు మాటల్లేవు. ఒకరం అన్నాం: బయట ఇల్లు తగలబెట్టేవాడు నిలబడి ఉండగా లోపల కిటికీ తెరవడం ఆత్మహత్యే, తప్పు చెయ్యలేదు. ఇంకొకరం అన్నాం: వాడు నిలబడని రోజు ఈ దేశంలో ఎప్పుడొచ్చింది, ఎప్పుడొస్తుంది? అంటే ఆమె ఎప్పటికీ రాయకూడదనా? మూడో మనిషి, చెల్లెలి అన్న, ఏమీ అనలేదు. మాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తేలిందల్లా ఒకటే. కిరణ్ ఆ ఇరవై నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నప్పుడు, మాట్లాడనివ్వంది వాళ్ళు అనుకున్నాం. ఈ అమ్మాయి సంగతిలో 'వాళ్ళు' అని వేలు చూపడానికి గదిలో ఇంకెవరూ లేరు. చాబీ మా జేబులోనే ఉంది.

ఈ చిన్న ఇళ్ళ పద్ధతిలో ఇంకో వీలుంది. నచ్చకపోతే ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు కాపురం మార్చుకోవచ్చు. నీ మాట వినేవాళ్ళంతా నీతోపాటే కొత్త చిరునామాకు వచ్చేస్తారు. పాత రాతలు మాత్రం రావు, పాత ఇంట్లోనే ఉండిపోతాయి. పది రోజుల తర్వాత ఆ అమ్మాయి కాపురం మార్చింది. యూరప్‌లో ఎక్కడో ఉన్న సర్వర్ అది, ఎవరు నడుపుతారో మాకు తెలియదు. పెద్ద కంపెనీ వేదికలో ఉండి ఉంటే ఆమెకు ఈ దారి ఉండేది కాదు. ఆ వేదిక మీద ఉండటమో, మాయమవడమో. ఇక్కడ మా తలుపు మూసినా బాట మీద నడిచిపోయింది. మేం ఎంతో గొప్పగా నలుగురికీ చెప్పుకున్న ఆ సదుపాయాన్ని మా ఇంట్లో మొట్టమొదట వాడుకున్నది ఆమే, మా నుంచి తప్పించుకోవడానికి.

ఆమె పోయాక జాబితాను మళ్ళీ కనబడేలా పెట్టాం. ఆలస్యంగా చేసిన పని, ఎవరికీ పెద్దగా పనికిరాలేదు. చాచాలు ఈసారి ఫోను చెయ్యలేదు. ఎక్కడివో తెలియని ఖాతాలు కొన్ని వచ్చి నాలుగు బూతులు రాసి పోయాయి, వాటికి తలుపు మూశాం. ఆదోని మొత్తం తలకిందులవుతుందనుకున్నాం, కాలేదు.

గత నెల ఎమ్మిగనూరులో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, మినిట్సు పుస్తకంలో కొన్ని తీర్మానాలు రాసుకున్నాం. ఏ రాతనైనా తీసెయ్యాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయివుండాలి. తీసేసిన ప్రతిదీ ఎందుకు తీశామో అందరికీ కనబడేలా రాయాలి. తమ ఇంటి సంగతి వచ్చినప్పుడు ఆ మనిషి పక్కకు తప్పుకోవాలి. మొదటి చాబీ ఎదురుగా ఒకరి పేరు రాశాం. రెండోదాని ఎదురుగా ఆమె పేరు రాద్దామని అనుకుని, అడగకుండా రాయడం ఏమిటని ఆగి, ఆమె కొత్త చిరునామాకు ఉత్తరం పంపాం. ఇంకా జవాబు రాలేదు. మొన్న ఆమె ఇంకో జాబితా పెట్టింది, ఈసారి పక్క సందుది. మా నలభై మందిలో ఇరవై ఒక్కరు దాన్ని చదువుతున్నట్టు మా వైపు నుంచి కనబడుతోంది. అందులో చెల్లెలి అన్న కూడా ఉన్నాడు. మినిట్సు పుస్తకంలో ఆ రెండో గీత ఖాళీగానే ఉంది.